సంస్కృతం నేర్పనన్నారు: అంబేద్కర్ చదివిన భాషలు, చదివిన రాజకీయం

బాబాసాహెబ్ అంబేద్కర్ డిగ్రీల పేర్లు మనలో చాలామందికి నోటికొచ్చు. ఎంఏ, పీహెచ్‌డీ, ఎంఎస్సీ, డీఎస్సీ, బార్-ఎట్-లా. ఏప్రిల్ 14న ఏ వాడలో సభ పెట్టినా ఈ జాబితా మైకులో వినబడుతుంది. ఆ డిగ్రీల పక్కనే ఆయన చదివిన భాషల జాబితా ఇంకొకటి ఉంది. మరాఠీ, ఇంగ్లీషు, పర్షియన్, ఫ్రెంచ్, జర్మన్, సంస్కృతం, పాళీ. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఏ భాష ఆయనకు దొరికింది, ఏది దొరకలేదు, దొరకనిదాన్ని ఎలా సంపాదించుకున్నాడు, ఏ భాషను ఎక్కడ వాడాడు అని చూసుకుంటూ పోతే ఆయన రాజకీయ జీవితం మొత్తం అందులో కనిపిస్తుంది. రాజనీతి శాస్త్రంతో పాటు ఒక భాషను ఐచ్ఛికంగా తీసుకుని డిగ్రీ చదువుతున్న మన పిల్లలకు ఈ కథ తెలియాలి.

1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మహూ సైనిక కంటోన్మెంటులో భీమ్‌రావ్ పుట్టాడు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా కూడా పనిచేశాడు. మహర్ కులంలో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు కనబడ్డారంటే చాలావరకు సైన్యం వల్లే. రాంజీ కబీర్ పంథీయుడు. ఇంట్లో పొద్దున, సాయంత్రం భజనలు, మరాఠీలో రామాయణ భారతాల పఠనం నడిచేవి. పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం, మరాఠీ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం ఆయనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడు. తర్ఖడ్కర్ అనువాద పాఠాలు వల్లె వేయించాడు. మాటకు సరైన మాట ఏది అని వెతికే అలవాటు భీమ్‌రావ్‌కు అక్కడే పట్టుబడింది. తర్వాత రాజ్యాంగ ముసాయిదాలో ఒక్కో పదం దగ్గర ఆగి వాదించిన మనిషికి తొలి గురువు ఈ పింఛను సుబేదారే.

సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోవడం, దాహమైతే ఎవరో పైనుంచి నీళ్లు పోస్తే తాగడం మనకు తెలిసిన సంగతులే. బొంబాయికి మారి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేరాక ఎదురైన అవమానం వేరే రకం. అక్కడ నాలుగో ఫారంలో రెండో భాష ఎంచుకోవాలి. తండ్రికి కొడుకులు సంస్కృతం చదవాలని కోరిక. ముందు పెద్ద కొడుకు వెళ్లి అడిగాడు. అంటరానివాళ్లకు సంస్కృతం చెప్పనని ఉపాధ్యాయుడు తెగేసి చెప్పాడు. అతను పర్షియన్ తీసుకున్నాడు. కొన్నేళ్లకు భీమ్‌రావ్ వంతు వచ్చింది. జవాబు మారదని తెలుసు కాబట్టి అతనూ పర్షియన్‌కే వెళ్లాడు.

ఆ బడి ప్రభుత్వానిది. ప్రవేశం ఇచ్చారు, ఫీజు తీసుకున్నారు, ఇంగ్లీషు, లెక్కలు చెప్పారు. ఒక్క సంస్కృతం దగ్గర మాత్రం గడప దాటనివ్వలేదు. పాలకుల భాష ఇంగ్లీషు, పాత దర్బారు భాష పర్షియన్, ఈ రెండూ మహర్ పిల్లవాడికి అందాయి. ధర్మశాస్త్రాలు రాసిన భాష మాత్రం అందలేదు. కొలువుకు పనికొచ్చే భాషల కన్నా అధికారాన్ని సమర్థించే భాషకే కాపలా గట్టిగా ఉందన్నమాట. ఈ తేడా ఆ వయసులో అతనికి ఎంతవరకు అర్థమైందో గానీ, గాయం మాత్రం మానలేదు. పెద్దయ్యాక కూడా పర్షియన్‌లో తనకు మంచి మార్కులు వచ్చేవని గుర్తుచేసుకుంటూనే, సంస్కృతంలో ఉన్న కావ్యం, తర్కం, తత్వం పర్షియన్‌లో లేవనీ, ఆ భాష చదవాలన్న కోరిక తనను వదలలేదనీ చెప్పాడు. సంస్కృతం మీద ఆయనకు ద్వేషం లేదు. ఇది మన సభల్లో చాలామంది చెప్పని సంగతి.

1907లో మెట్రిక్యులేషన్ రాశాడు. 750కి 282 మార్కులు. ఇప్పటి ర్యాంకుల లెక్కలో చూస్తే ఏమంత గొప్పగా కనబడదు. కానీ ఒక మహర్ కుర్రాడు మెట్రిక్ పాసైనందుకు బొంబాయిలో అభినందన సభ పెట్టారు. మరాఠీ రచయిత కృష్ణాజీ అర్జున్ కేళుస్కర్ తాను రాసిన బుద్ధ చరిత్రను ఆ సభలో బహుమతిగా ఇచ్చాడు. ఆ పుస్తకం మరాఠీలో ఉంది. బుద్ధుడు అంబేద్కర్‌కు తొలిసారి పరిచయమైంది తల్లిభాషలోనే.

బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇస్తే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో డిగ్రీ సాగింది. ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు, బట్టలు ఇచ్చి ఆదుకున్నాడు. 1912లో బీఏ అయింది. ఆర్థిక, రాజనీతి శాస్త్రాలు ఒక పక్క, ఇంగ్లీషు, పర్షియన్ భాషలు ఇంకో పక్క. ఆ రోజుల్లో బొంబాయి విశ్వవిద్యాలయం పట్టా చేతికొస్తే గుమాస్తా ఉద్యోగానికి ఢోకా లేదు. చాలామంది అక్కడితో ఆగేవారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయాడు. ఇల్లు గడవడమే గండంగా ఉంది. అదే ఏడాది జూన్‌లో బరోడా సంస్థానంతో ఒప్పందం కుదిరింది. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల విద్యార్థి వేతనం ఇస్తారు, చదువు అయ్యాక పదేళ్లు సంస్థానానికి ఉద్యోగం చేయాలి. జూలైకల్లా న్యూయార్క్ చేరాడు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన ఏమేం చదివాడో లెక్క ఉంది. ఆర్థికశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3. వీటితో పాటు ప్రాథమిక ఫ్రెంచ్ ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి. మొత్తం 60. డిగ్రీకి అవసరమైనదానికంటే ఇది చాలా ఎక్కువ. బరోడా ఇచ్చే డబ్బుకు మూడేళ్ల గడువుంది, మళ్లీ ఇలాంటి అవకాశం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే దొరికింది దొరికినట్టు చదివేశాడు.

ఫ్రెంచ్, జర్మన్ ఎందుకు? ఆ కాలంలో సమాజశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మానవశాస్త్రం లోతుగా చదవాలంటే ఇంగ్లీషు ఒక్కటీ చాలేది కాదు. కొత్త ఆలోచన చాలావరకు ఐరోపా భాషల్లో వెలువడేది. ఆ దేశాల్లో చదువుకుని వచ్చిన ప్రొఫెసర్లే అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవారు. అంబేద్కర్ గురువు, ఆర్థికశాస్త్రవేత్త ఎడ్విన్ సెలిగ్‌మన్ అలాంటి తరం మనిషే. అనువాదం వచ్చేదాకా ఆగితే వెనకబడిపోతాం. పైగా కులం గురించి అప్పటికే ఫ్రెంచ్‌లో సెనార్ట్ పుస్తకం రాశాడు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో అంబేద్కర్ భారతదేశంలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివినప్పుడు, అప్పటివరకు కులాన్ని నిర్వచించిన సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్‌లను ఒక్కొక్కరినీ పరీక్షకు పెట్టాడు. ఎవరి నిర్వచనం ఎక్కడ జారిపోతుందో చూపించి, కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లిళ్లని తేల్చాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. సంస్కృతం చెప్పనన్న ఉపాధ్యాయుడి ఊరికి వేల మైళ్ల దూరాన, ఆ ఉపాధ్యాయుడి కులానికీ, తన కులానికీ మధ్య గోడ ఎలా లేచిందో పరాయి భాషలో వివరించాడు. ఈ పరాయి భాషలో ఆయనను ఎవరూ వెనక బెంచీలో కూర్చోమనలేదు.

1916 అక్టోబర్‌లో లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయవిద్యకు గ్రేస్ ఇన్‌లోనూ చేరాడు. మరుసటి ఏడాదే బరోడా వెనక్కి పిలిచింది. కొలంబియాలో చదివిన మనిషికి బరోడాలో అద్దె గది దొరకలేదు. ఆఫీసులో జవాన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేసేవారు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే కర్రలతో వచ్చి గెంటేశారు. ఎన్ని డిగ్రీలున్నా, ఎన్ని భాషలొచ్చినా దేశంలోకి అడుగుపెట్టగానే కులం ఎదురొస్తుందని అనుభవంలో తెలిసింది. ఇది అందరికీ తెలిసిన కథే కాబట్టి ముందుకు పోదాం.

1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు అంబేద్కర్ సాక్ష్యం ఇచ్చాడు. ఓటు హక్కు, అంటరానివాళ్లకు ప్రత్యేక ప్రాతినిధ్యం గురించి. ఇంగ్లీషులో, ఇంగ్లీషువాళ్ల రాజకీయ సిద్ధాంతాలతోనే వాళ్లను నిలదీస్తూ. సరిగ్గా ఏడాదికి, 1920 జనవరి 31న, మూక్‌నాయక్ పత్రిక మొదలైంది. అది పూర్తిగా మరాఠీ. కొల్హాపూర్ శాహూ మహారాజ్ 2500 రూపాయలు ఇచ్చాడు. అప్పటికి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగంలో ఉన్నందువల్ల సంపాదకుడిగా తన పేరు వేసుకోలేదు, రాసింది మాత్రం తనే. ఆ రాతల్లో కొలంబియా పాండిత్యం కనపడనివ్వలేదు. పల్లె మనిషికి తెలిసిన పోలికలతో, సంత్ తుకారాం భాషకు దగ్గరగా రాశాడు. హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చింది ఈ పత్రికలోనే. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి, పైకి పోయే దారి లేదు అన్న ఆ పోలిక అర్థం కావడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

ప్రభుత్వంతో ఇంగ్లీషు, జనంతో మరాఠీ. చివరిదాకా ఆయన ఈ పద్ధతినే పాటించాడు. 1927లో బహిష్కృత్ భారత్, 1930లో జనతా పత్రిక, మహద్ చెరువు పోరాటంలో ప్రసంగాలు మరాఠీ. రౌండ్ టేబుల్ సమావేశాలు, విధానసభలు, రాజ్యాంగ సభ ఇంగ్లీషు. లండన్ సమావేశాల్లో అంటరానివాళ్ల తరఫున మాట్లాడేందుకు ఆయనకు మధ్యలో ఏ పెద్దకులం దుబాసీ అవసరం లేకపోయింది. దీని విలువ ఎంతో, మన మాట మనకన్నా వాళ్లకే బాగా వచ్చని చెప్పుకునే పెద్దమనుషులను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

1920లో మళ్లీ లండన్. శాహూ మహారాజ్ సాయం, కొలంబియా నాటి పార్సీ మిత్రుడు నవల్ భథేనా ఇచ్చిన 5000 రూపాయల అప్పు, తను దాచుకున్న జీతం, ఇవే ఆధారం. అర్ధాకలితో బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో కూర్చున్న రోజులు అవి. 1921లో ఎంఎస్సీ వచ్చింది, 1923లో రూపాయి సమస్య మీద సిద్ధాంత గ్రంథం అచ్చయింది. ఈ రెండింటి మధ్య మనం పెద్దగా పట్టించుకోని ఒక చిన్న ప్రయత్నం ఉంది. 1921 ఫిబ్రవరిలో ఆయన లండన్ నుంచి ప్రష్యా విద్యాశాఖకు దరఖాస్తు పెట్టుకున్నాడు, జర్మన్ భాషలో. బాన్ విశ్వవిద్యాలయంలో చదువుకోనివ్వమని. కొలంబియాలో జర్మన్ చదివానని అందులో రాశాడు. జర్మన్‌లోనే తన జీవిత వివరాలను స్వహస్తాలతో రాసిచ్చాడు. ఆ ఏప్రిల్‌లో బాన్ రిజిస్టర్లో ఆయన పేరు ఎక్కింది.

అప్పట్లో బాన్‌లో హెర్మన్ యకోబి ఉన్నాడు. సంస్కృతం, ప్రాకృతం, జైన గ్రంథాలలో ఐరోపా అంతటా పేరున్న పండితుడు. అంబేద్కర్‌ను బాన్ వైపు లాగిన కారణాల్లో ఆయన ఒకడు. బొంబాయి ప్రభుత్వ పాఠశాలలో మూసుకున్న సంస్కృతం తలుపు తెరుచుకునే అవకాశం రైన్ నది ఒడ్డున కనిపించింది. మన శాస్త్రాల భాషను మనవాళ్లు చెప్పనంటే, జర్మన్ నేర్చుకుని జర్మన్ల దగ్గర చదవాల్సి రావడం, ఇంతకంటే ఈ దేశానికి సిగ్గుచేటు ఏముంటుంది? అయితే లండన్ పరిశోధన, న్యాయవిద్య, డబ్బు కొరత అన్నీ కలిసి ఆ కోరికను తీరనివ్వలేదు. తరగతులకు హాజరు కాలేదన్న కారణంతో 1922 జనవరిలో విశ్వవిద్యాలయం ఆయన పేరు తొలగించింది. డిగ్రీల జాబితాలో బాన్‌కు చోటు లేకపోవడం ఇందుకే. కొందరు ఉత్సాహం కొద్దీ అక్కడి పట్టా కూడా కలిపేస్తుంటారు. ఆయన గొప్పతనానికి లేని డిగ్రీ అక్కర్లేదు.

సంస్కృతం లేకపోవడం ఆయన శత్రువులకు ఆయుధమైంది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన మనిషిని, 1936లో కుల నిర్మూలన రాసిన మనిషిని వాదంలో ఎదుర్కోలేనివాళ్లు, మూలం చదవకుండా శాస్త్రాల మీద మాట్లాడే అర్హత ఎక్కడిదని గొణిగారు. చదవనివ్వనిదీ వాళ్లే, చదవలేదని ఎత్తిపొడిచిందీ వాళ్లే. 1946లో వచ్చిన శూద్రుల మీది పుస్తకం ముందుమాటలో ఈ విమర్శను అంబేద్కర్ తనే ముందుకు తెచ్చి జవాబు చెప్పాడు. సంస్కృతంలో తనకు పాండిత్యం లేదని దాచకుండా ఒప్పుకున్నాడు. అయితే ఇంగ్లీషులోకి రాని సంస్కృత సాహిత్యం చాలా కొద్దేనని, అనువాదాలను పదిహేనేళ్లుగా చదువుతున్న సాధారణ తెలివిగల మనిషికి ఈ విషయం మీద రాసే హక్కు ఉందని వాదించాడు. ఇక్కడే రెండు చదువులు కలుస్తాయి. సంస్కృతం మూసేసిన గ్రంథాన్ని ఇంగ్లీషు తెరిచింది. తెరిచిన గ్రంథంలో ఏం వెతకాలో రాజనీతి, సమాజశాస్త్రాలు నేర్పాయి. శ్లోకం నోటికొచ్చిన పండితుడికి కనపడని అధికారపు లెక్క, అనువాదం చదివిన ఈ ఆర్థికశాస్త్రవేత్తకు కనపడింది.

అలాగని అనువాదంతో ఆయన సరిపెట్టుకోలేదు. సొంతంగా కూర్చుని సంస్కృతం నేర్చుకున్నాడు. 1949 సెప్టెంబర్‌లో కేంద్ర అధికార భాష మీద గొడవ నడుస్తున్నప్పుడు, సంస్కృతాన్ని అధికార భాష చేయాలన్న సవరణను బలపరిచినవాళ్లలో కేంద్ర న్యాయ మంత్రి అంబేద్కర్ పేరు పత్రికల్లో వచ్చింది. చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఈరోజు ఈ ముక్కను పట్టుకుని ఆయనను తమ గుంపులో కలిపేసుకోవాలని చూసేవాళ్లున్నారు. వాళ్లు మర్చిపోయేదేమంటే, అందరిమీదా ఒక ప్రాంతం భాషను రుద్దే పోటీ నడుస్తున్న సమయం అది. పుట్టుకతో ఎవరికీ తల్లిభాష కాని భాషైతే అందరూ ఒకే గీత దగ్గర మొదలుపెడతారన్న వాదన అప్పుడు వినబడింది. పైగా ఒక కులం గుప్పిట్లో ఉన్న భాషను రాజ్యాంగంలోకి తెస్తే దాన్ని ప్రతి బడిలో ప్రతి పిల్లవాడికీ చెప్పక తప్పదు. నాకైతే ఆ సవరణలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ ఉపాధ్యాయుడికి ఇచ్చిన జవాబు కనిపిస్తుంది. ఇది నా ఊహే, కాదనే హక్కు పాఠకులకుంది. ఆ సవరణ నెగ్గలేదు. సెప్టెంబర్ 14న దేవనాగరి లిపిలోని హిందీ ఖాయమైంది. అంతకుముందు కాంగ్రెస్ పార్టీ అంతరంగ సమావేశంలో హిందీకి అనుకూలంగా 78, వ్యతిరేకంగా 78 ఓట్లు పడ్డాయని, మళ్లీ ఓటింగ్ పెడితే 78-77తో ఒక్క ఓటు తేడాతో హిందీ గెలిచిందని ఆయన 1955లో బయటపెట్టాడు.

ఆ సంగతి చెప్పింది భాషా రాష్ట్రాల మీద రాసిన చిన్న పుస్తకంలో. తెలుగువాళ్లం దాన్ని తప్పకుండా చదవాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు దాటింది. ఒకే భాష మాట్లాడేవాళ్లు ఒక రాష్ట్రంగా ఉంటే ప్రజాస్వామ్యం సవ్యంగా నడుస్తుందని ఒప్పుకుంటూనే, ఆ రాష్ట్రంలో కులాల బలాబలాలు ఏమిటని అడిగాడు. ఉదాహరణగా తీసుకున్న ప్రాంతాల్లో ఆంధ్ర ఒకటి. అక్కడ రెడ్డి, కమ్మ, కాపు కులాల చేతిలో భూమి, పదవులు, వ్యాపారం ఉన్నాయని, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారని పేర్లు పెట్టి రాశాడు. తెలుగు తల్లి పాటల హోరులో మనవాళ్లెవరూ అంత సూటిగా అడగని ప్రశ్న. భాష ఒకటైనంత మాత్రాన కంచంలో కూడు ఒకటి కాదు. అదే పుస్తకంలో హైదరాబాద్‌ను దేశానికి రెండో రాజధాని చేయాలని కూడా ప్రతిపాదించాడు. అంతకు ముందే, 1953 జనవరిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఒక దేశభాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య చెప్పడానికి పుట్టిన విశ్వవిద్యాలయం అది. ఆయన సొంత దేశంలో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది బొంబాయి కాదు, ఉస్మానియా.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. కుల నిర్మూలన పుస్తకం 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయని, గుజరాతీ, తమిళంలోకి వచ్చేసిందని, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలోకి అనువాదమవుతోందని 1937 నాటి రెండో ముద్రణ ముందుమాటలో ఆయన రాశాడు. ఆ జాబితాలో తెలుగు లేదు. ఈ నేల మీద కుల వ్యతిరేక పోరాటం అప్పటికే ఉంది, ఆది ఆంధ్ర ఉద్యమం ఉంది, భాగ్యరెడ్డి వర్మ ఉన్నాడు. లేనిదల్లా ఇంగ్లీషు చదివి, రాజకీయం తెలిసి, వెంటనే తెలుగు చేయగల మన మనుషుల మంద. డిగ్రీలో రాజనీతితో పాటు తెలుగో, ఇంగ్లీషో, జర్మనో పెట్టుకుంటే ఉద్యోగం ఏమొస్తుందని అడిగే బంధువులకు ఈ జాబితా చూపించవచ్చు. హైదరాబాద్‌లోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. పనిచేసుకుంటూ తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదువుకోవడానికి 1982లో మొదలై, 1991 నుంచి అంబేద్కర్ పేరుతోనే నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

చివరి ఏళ్లలో ఆయన పాళీ మీద పడ్డాడు. చక్కెర జబ్బు ఒళ్లు గుల్ల చేస్తోంది, కాళ్లు పట్టు తప్పుతున్నాయి, చూపు తగ్గుతోంది. అయినా పాళీ వ్యాకరణం రాసుకున్నాడు. పాళీ మాటలకు ఇంగ్లీషు, మరాఠీ, హిందీ, గుజరాతీ అర్థాలతో నిఘంటువు కూర్చాడు. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల్లో 16వ సంపుటం మొత్తం ఇదే. కొందరు అభిమానులు ఆ సంపుటాన్ని తెరిచి చూసి, ఇందులో రాజకీయం ఏముందని పక్కన పెట్టేస్తారు. సంస్కృతం తలుపు దగ్గర నిలబెట్టిన పిల్లవాడు అరవై దాటాక కూర్చుని, బుద్ధుడి మాటలు తన జనం నేరుగా చదువుకోవడానికి తనే నిచ్చెన తయారుచేశాడు. మధ్యలో పూజారి లేకుండా, పండితుడు లేకుండా. ఇది రాజకీయం కాకపోతే మరేది?

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది ముందు భిక్షువు చంద్రమణి దగ్గర ఆయన త్రిశరణాలు, పంచశీల పాళీలో స్వీకరించాడు. తర్వాత జనం వైపు తిరిగి తనే వాళ్లచేత దీక్ష చెప్పించాడు. ఆ రోజు ఆయన అదనంగా తయారుచేసి తెచ్చిన 22 ప్రతిజ్ఞలు ఉన్నాయి. పాత దేవుళ్లను మొక్కను, శ్రాద్ధం పెట్టను, బ్రాహ్మణుడితో కర్మలు చేయించను, మనుషులంతా సమానమని నమ్ముతాను అని సాగుతాయి. వాటిని మాత్రం ఆయన మరాఠీలో చదివాడు. తెల్లబట్టలు కట్టుకుని, బిడ్డలను చంకనెత్తుకుని, రోజుల తరబడి నడిచి వచ్చిన కూలీ జనం ఒక్కో వాక్యాన్ని తమ సొంత మాటలో ఆయన వెంట పలికారు. ఎనిమిది వారాలకు, డిసెంబర్ 6న, ఢిల్లీలో ఆయన కన్నుమూశాడు.